మన పేర్లు దాచిన వస్తువులు

ఈ శతవార్షికోత్సవ సంచికకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములను గూర్చి ఒక చారిత్రక వ్యాసము వ్రాయవలసినదిగా సంపాదక వర్గమువారు మమ్మును కోరినారు. దేవాలయముల పునాదిరాళ్లను గూర్చి, మిషనరీ దొరలను గూర్చి, బడులు, ఆసుపత్రులను గూర్చి ఇతర సహోదరులు వ్రాయుచున్నారు. వారు మాకంటె వివరముగా వ్రాయగలరు. మేము మాత్రము మన తాతల ఇండ్లలో దూలమునకు వ్రేలాడుచుండిన వస్తువులను గూర్చి, అటువంటి వస్తువులను భుజాన వేసుకొని మన వాకిటికి వచ్చుచుండిన మనుష్యులను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచినాము.

ఇందుకు ఒక కారణము కలదు. ఉత్సవముల కొరకు తొలితరము విశ్వాసుల జాబితా తయారుచేయుటకై ఒక పాత బాప్తిస్మపు రిజిస్టరును ముందు పెట్టుకొని కూర్చున్నాము. అట్ట ఊడిపోయినది, అంచులను చెదలు తిన్నవి, అయినను సిరా చెడలేదు. క్రొత్త పేరు, ఊరు, తేదీ, బాప్తిస్మమిచ్చిన వారి సంతకము అన్నియు ఉన్నవి. "పూర్వపు పేరు" అను గడి కూడ ఉన్నది. మా ముత్తాత పేరునకు ఎదురుగా ఆ గడిలో ఒక అడ్డగీత మాత్రమే ఉన్నది. ఆ పుటలో 19 మంది పేర్లుండగా 17 మందికి ఆ గీతయే. గీత గీసినవారిని మేము తప్పుపట్టుటలేదు. క్రొత్త జీవితము మొదలైనప్పుడు పాత పేరుతో పనియేమి అని వారి తలంపు. కాని ఆ గీతకు అవతల నిలుచున్న మనిషి పేరు మరెక్కడనైన ఉండెనా అని వెదకుచు పోగా, మేము ఈ ప్రాంతపు పాత వస్తువులలోనికి పోయి పడినాము.

గెలిచినవారు తమ పేరును ముందుగా రాతిపై వ్రాయించుకొందురు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనము క్రీ.శ. 1163 నాటిది. కాకతీయ రుద్రదేవుడు తాను ఎవరెవరిని అణచినదీ అందులో చెప్పించినాడు. పొలవాస దేశమును గైకొన్న మాట అందులోనే ఉన్నది. ఆ పొలవాసయే జగిత్యాలకు దాపున, నేడు వ్యవసాయ పరిశోధన కేంద్రమున్న పొలాస. మన సంఘస్థులలో చాలమంది ఆ ఊరికి విత్తనముల కొరకు పోయి వచ్చినవారే గాని, అది ఒకనాటి రాజధాని అని ఎరిగినవారు తక్కువ.

ఓడినవారి సంగతి రాతిపై ఓడినంతవరకే ఉండును. తక్కినది వేరొకచోట ఉన్నది. మేడారము సమ్మక్కను పొలవాసనేలిన మేడరాజు ఇంటి ఆడబిడ్డగా జనులు చెప్పుకొందురు. కాకతీయులకు కప్పము కట్టలేక పోరాడి చనిపోయినవారి ఆ కథను నిలిపినది శాసనము కాదు, డోలి, పడిగె. పడిగె అనగా కోయల పూర్వుల బొమ్మలు, గుర్తులు గల గుడ్డ జెండా. దానిని ఎత్తి నిలిపి, డోలి వాయించుచు, వంశము వెంట వంశము, గట్టు వెంట గట్టు చెప్పుకొనిపోవుదురు. కోయలలో ఈ పని చేసిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ బిరుదు వచ్చినది. ఆయన 2024లో గతించినారు. గుడ్డయే వారికి గ్రంథము, డోలియే పుట త్రిప్పు వ్రేలు.

ధర్మపురి దగ్గర రాయపట్నము వంతెన దాటి ఆదిలాబాదు కొండల వైపు పోయిన యెడల ఇదే పద్ధతి మరియొక రూపములో కనబడును. రాజగోండుల వంశకథలు గోండులు తాము చెప్పుకొనరు. వారికి పర్ధానులను కథకులు ఉన్నారు. తీగల వాయిద్యము చేతబట్టి, ఏ గోత్రమునకు ఏ దేవతయో, ఏ పూర్వుడు ఎక్కడ నుండి వచ్చెనో పర్ధానుడు చెప్పవలెను, గోండు వినవలెను, విన్నందుకు ధాన్యమో పశువో ఇవ్వవలెను. 1940లలో మార్లవాయి గ్రామములో గోండుల మధ్య కాపురముండిన హైమెండార్ఫ్ పండితుడు ఈ సంబంధమును శ్రద్ధగా గమనించి వ్రాసినాడు. ఆయన భార్య బెట్టీ గారి సమాధి కూడ ఆ ఊరిలోనే ఉన్నది. నెమలి ఈకల టోపీతో గుస్సాడి ఆడి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు గారిది కూడ మార్లవాయియే. గోదావరికి ఇవతలి అడవి అంచు పల్లెలలో నాయకపోడు వారున్నారు. వారు మాటలాడునది తెలుగే. గుర్రపు తల ఆకారముగల కొయ్య ముఖమును ధరించి వారు ఆడు లక్ష్మీదేవరను చిన్ననాడు మేము ఒకసారి చూచినాము. ముఖము బరువునకు ఆడువాని మెడ నరములు ఉబ్బియుండుట తప్ప ఇప్పుడు మరేమియు జ్ఞాపకము లేదు.

ఇక కోరుట్లకు వత్తము.

కోరుట్ల పేరు చెప్పగానే నేడు పసుపు, వరి, గల్ఫు దేశములకు పోయిన మనుష్యులు తలంపునకు వత్తురు. మన తాతల కాలములో ఆ ఊరికి కాగితము వలన పేరుండేది. ఇరువదవ శతాబ్ది మొదట వెలువడిన ఇంపీరియల్ గెజిటీరులో కోరుట్లను గూర్చి ఉన్నది కొద్ది మాటలే. ఆ కొద్ది మాటలలోను ఇక్కడ ముతక కాగితము తయారగుననియు, పట్వారీలు తమ లెక్కల పుస్తకములకు దానినే విరివిగా వాడుదురనియు చెప్పబడినది. చేతి కాగితము చేయు పద్ధతి మన దేశమంతట దాదాపు ఒకటే. పాత గోనెలు, త్రాళ్లు, చింకిగుడ్డలు నానవేసి, సున్నము కలిపి దంచి, కడిగి, ఆ గుజ్జును తొట్టి నీళ్లలో కలిపి, సన్నని పుల్లల తెరతో పొరగా ఎత్తి, గోడకు అంటించి ఆరబెట్టుదురు. ఆరిన పిమ్మట గంజి పూసి నున్నని రాతితో రుద్దినయెడల కలము జారునంత మెరుగు వచ్చును. గింజలు మోసిన గోనె చిరిగి, నాని, కాగితమై, ఆ గింజల లెక్కయే తనపై వ్రాయించుకొనుట ఒక వింత.

ఆ కాగితముపై ఊరి భూమి అంతయు ఉండేది. ఎవరికెంత చెలక, ఎవరికెంత తరి, ఎవరు శిస్తు కట్టినారు, ఎవరు కట్టలేదు అన్నియు పట్వారీ దస్త్రములో ఉండేవి. మన పెద్దల పేర్లు అందులో ఉండెనా అని ఎవరైన అడిగినయెడల, భూమి పుటలలో అరుదు. అప్పు పుటలలో విస్తారము. అప్పు తీరువరకు దొర ఇంట పనిచేయు మనిషిని భగేలా అనేవారు. తండ్రి చేసిన అప్పు కొడుకునకు, కొడుకుది మనుమనికి దిగేది. 1936లో నిజాం ప్రభుత్వము ఈ భగేలా ఒప్పందములను అదుపుచేయుటకు ఒక శాసనమే చేయవలసి వచ్చినదనగా దాని విస్తారము ఎంతటిదో ఊహించవచ్చును. చదువురాని మనిషి ఆ కాగితముపై బొటనవ్రేలి ముద్ర వేసి ఇంటికి వచ్చేవాడు. ముద్ర ప్రక్కన తన పేరు ఎట్లు వ్రాసినారో అతనికి తెలియదు.

కనుక మన జనుల పేర్లు మర్యాదతో ఉన్న చోటు కాగితము కాదు. అది గుడ్డ. అదే పటము.

చేర్యాల నకాశీ వారి పటములను నేడు హైదరాబాదు అంగడులలో గోడకు తగిలించుకొను బొమ్మలుగా అమ్ముచున్నారు. పూర్వము అవి అట్టివి కావు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, జిగురు కలిపి పొరలుగా పూసి, ఆరబెట్టి, ఎర్రని నేలపై బొమ్మలు వ్రాసేవారు. మూడడుగుల వెడల్పు, ముప్పది మొదలు అరువది అడుగుల వరకు పొడవు. ఉడుత వెండ్రుకల కుంచె. కథకుడు ఆ చుట్టను కొయ్యకు కట్టి, రాత్రి దీపపు వెలుగున ఒక్కొక్క గడి విప్పుచు కథ చెప్పేవాడు. వ్రాయునది నకాశీ, చెప్పునది కథకుడు, వినునది మూడవవాడు. ఒకరి పని మరొకరు చేయరాదు. మూడవవాని కులకథ అతని నోట రాకూడదు. దానిని చెప్పుటకు హక్కున్న కుటుంబము వేరే ఉండేది. ఆ హక్కును మిరాసి అనేవారు. ఏ ఊళ్లు ఎవరి మిరాసియో అన్నదమ్ములు పొలము పంచుకొన్నట్లు పంచుకొనేవారు.

ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెప్పుదురు. గౌండ్లవారికి గౌడజెట్టీలు. చాకలివారికి పటమువారు మడేలు పురాణము చెప్పుదురు. గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథ చెప్పుదురు. వారికి పటము లేదు, కొయ్యబొమ్మలు వరుసగా నిలిపి చెప్పుదురు. పద్మశాలీలకు కునపులివారు. మాదిగలకు చిందువారు, బైండ్లవారు, డక్కలివారు ఇట్లు పలువురున్నారు. పండితులు వీరిని ఆశ్రిత కులములని వ్రాయుదురు. ఆ మాట మాకు అంతగా నచ్చలేదు. తిండికి వారు వీరిపై ఆధారపడిన మాట నిజమే. తామెవరో తెలిసికొనుటకు వీరు వారిపై ఆధారపడినారు గదా. ఆ సంగతి ఆ మాటలో లేదు.

పటము చినిగి పనికిరానిదైనప్పుడు పెంటకుప్పపై పారవేయరు. క్రొత్తది వ్రాయించి, పాతదానికి మనిషికి చేసినట్లు క్రియ చేసి, నదిలో విడుతురు. అందువలననే మిక్కిలి పాత పటములు దొరకుట అరుదు. పురాతన వస్తువులు సేకరించువారికి ఇది నష్టముగా తోచును. ఆ కథకులకు మాత్రము కథ పోలేదు, చొక్కా మార్చినది, అంతే.

సిరిసిల్లలో ఏమి జరిగినదో కొంత వివరముగా చెప్పవలసి ఉన్నది. అది నేతవారి ఊరు. మార్కండేయుని కథను, తామరనూలుతో దేవతలకు వస్త్రములు నేసిన భావనాఋషి కథను కునపులివారు వచ్చి చెప్పితేనే ఆ యేడు పద్మశాలీల వాడకు నిండుదనము. మగ్గము గుంటలో ఉన్నంతకాలము ఇది సాగినది. గుంటమగ్గము ఇంటిని వదలదు. మనిషి మగ్గమును వదలడు. కథకుడు వచ్చువేళకు అందరు ఇంటనే ఉందురు. మరమగ్గము వచ్చిన పిమ్మట ఆ కట్టు సడలినది. సిరిసిల్ల మనుష్యులు భీవండికి, సోలాపురమునకు, సూరతునకు పోయి మరమగ్గములపై కూలి చేసినారు. కొందరు ఆ విద్యను, ఆ యంత్రములను వెంటబెట్టుకొని తిరిగి వచ్చినారు. ఊరు చప్పుడుతో నిండిపోయినది. రాత్రి పగలు తేడా లేని ఆ చప్పుడులో పటము విప్పి కూర్చొని కథ చెప్పువాని గొంతు ఎవరికి వినబడును? మిరాసి ఊరికి కట్టుబడినది. మనిషి భీవండికి కదలిపోయినాడు.

ఆ యంత్రము వారికైన సుఖము ఇచ్చినదా అనిన, నేతకార్మికుల ఆత్మహత్యల వార్తలతోనే సిరిసిల్ల పేరు దేశమంతట వినబడిన సంవత్సరములు మనకు జ్ఞాపకమున్నవి. 2017 నుండి కొన్ని సంవత్సరములు బతుకమ్మ చీరెల పని ప్రభుత్వము ఇచ్చినప్పుడు పొయ్యిలు వెలిగినవి. చేతిమగ్గము పూర్తిగా చావలేదు. వెల్ది హరిప్రసాద్ గారు తన మగ్గముపై జి-20 సమావేశముల చిహ్నమును నేసి పంపగా, 2022 నవంబరులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగములో ఆ సంగతి చెప్పినారు. మనము సంతోషించినాము. ఆ చిహ్నము నేసిన చేతులకు వెనుక ఎన్ని తరముల వ్రేళ్లున్నవో చెప్పగల కునపులి కథకుడు ఆ వేళకు ఏ ఊరిలో ఏ కూలి చేయుచుండెనో.

గొంగడిని గూర్చి కూడ రెండు మాటలు చెప్పకపోతే కురుమ సహోదరులకు కోపము వచ్చును. దక్కని నల్లగొర్రె బొచ్చును సంవత్సరమునకు రెండుసార్లు కత్తిరించి, ఆడవారు వడికి, మగవారు నేసి, చింతగింజల గంజి పట్టించినదే గొంగడి. వానకు గొడుగు, చలికి దుప్పటి, ఎండకు నీడ, పంచాయతీకి ఆసనము. మాంసము ధర పెరిగిన పిమ్మట బొచ్చులేని నెల్లూరు జాతి గొర్రెలు మందలలోనికి వచ్చినవి. గొంగడికి నూలు కరువైనది. కురుమల మల్లన్న, బీరప్ప కథలను ఒగ్గువారు చెప్పుదురు. వేములవాడ దగ్గరి హనుమాజీపేట వాడైన మిద్దె రాములు గారి ఒగ్గుకథ విన్నవారు మన సంఘములలో నేటికిని ఉన్నారు. 1988లో జ్ఞానపీఠ పురస్కారము పొందిన సి. నారాయణరెడ్డి గారిదియు అదే ఊరు. ఒకరి మాట పుస్తకములకెక్కినది, మరొకరిది గాలిలోనిది.

ఇంతవరకు చెప్పినది విని, పాత కాలము బంగారు కాలమని మేము చెప్పుచున్నామని ఎవరును అనుకొనరాదు. డప్పు సంగతి చెప్పిన యెడల ఆ భ్రమ తీరును.

కొయ్యవలయమునకు మేకతోలు బిగించి, నిప్పు సెగకు కాచి, కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెనపుల్లతో కొట్టునది డప్పు. దాని మ్రోత వినినప్పుడు కాలు నిలువని మనిషి తెలంగాణములో లేడు. అయితే ఆ డప్పును మన పెద్దలు ఇష్టపడినప్పుడు కొట్టలేదు, పిలిచినప్పుడు కొట్టినారు. ఊరిలో ఎవరు చచ్చినను కొట్టవలెను. జాతరలో కొట్టవలెను. దొర హుకుము చాటింపు వేయవలెను. దండోరా వేసినందుకు కూలి లేదు, అది వెట్టి. చచ్చిన గొడ్డును మోయవలెను, దాని తోలుతో చెప్పులు కుట్టి ఇయ్యవలెను. ఈ వెట్టికి వ్యతిరేకముగా 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలమంది కూలి రైతులు నడిచినారు. అక్టోబరు 20న ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించినది. ఆ కాలపు పాటలలో గోచి, గొంగడి, డప్పు మూడును చేరినవి. ఊరి దొర కొరకు మ్రోగిన డప్పు దొరకు ఎదురుగా మ్రోగుట ఈ ప్రాంతము చూచినది.

మన క్రైస్తవ పెద్దలు అంతకు చాల ముందే మరియొక విధముగా డప్పును క్రింద పెట్టినారు. ఒంగోలు ప్రాంతములో క్లౌ దొరగారు 1860లలో మాదిగ విశ్వాసులకు మూడు కట్టడలు చెప్పినారు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. జాతరలో డప్పు కొట్టమని విశ్వాసులు చెప్పినప్పుడు వారికి ఊరి బావి, బజారు మూయబడినవి, దెబ్బలు తగిలినవి. మన ప్రాంతములో కూడ డప్పు కొట్టనన్నవాడే మొదటి సాక్షి. ఆ "కొట్టను" అను మాటకు ఎంత ధైర్యము కావలెనో నేడు మనకు తెలియదు. కనుక డప్పును క్రింద పెట్టిన మన పెద్దలను సంస్కృతి ఎరుగనివారని విమర్శించు నేటి విద్వాంసులతో మేము ఏకీభవింపము. వారు డప్పును వదలలేదు, వెట్టిని వదలినారు. రెండును ఒకే వలయమునకు బిగించి ఉండుటవలన రెండును కలిసి పోయినవి. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ కతీడ్రల్ గుమ్మటములను, స్తంభములను చూచిన వారికి, బిషపు అజరయ్య గారి వంటివారు దేశీయమైన దానిని దేవుని ఇంటిలోనికి తెచ్చుటకు వెనుదీయలేదని తెలియును. నేడు మన యువజనులు క్రిస్మసు ఊరేగింపులో డప్పు కొట్టుచున్నారు. ఎవరును పిలువలేదు, తామే కొట్టుచున్నారు. అది చాలును.

డప్పు తిరిగి వచ్చినది. తిరిగి రానిది మరియొకటి ఉన్నది. దానిని గూర్చి చెప్పుటయే మాకు కష్టము, ఏలయనగా అందులో తప్పు మాది.

మేము వేదాంత కళాశాల నుండి వచ్చి, సిరిసిల్ల వైపు ఒక పల్లె సంఘములో పనిచేయుచుండిన దినములవి. పంట ఇండ్లకు వచ్చిన కాలము. ఒక ఆదివారము ఆరాధన ముగిసి జనులు బయటికి వచ్చుచుండగా ఆవరణము గోడ అవతల ఒక ముసలివాడు నిలుచున్నాడు. భుజమున కిన్నెర, చంకలో గుడ్డచుట్ట. కిన్నెర అనగా పొడుగాటి బొంగునకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి, మెట్లు అమర్చి, తీగలు లాగిన వాయిద్యము. పన్నెండు మెట్ల కిన్నెర వాయించు దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిన పిమ్మట ఆ పేరు అందరికి తెలిసినది. ఆ దినమున మాకు తెలియదు. ఎవరో బిచ్చగాడనుకొన్నాము. అతడు డక్కలివాడని, మాదిగలకు జాంబపురాణము చెప్పువాడని, ఈ ఊరు అతని మిరాసి అని పెద్దలు చెప్పినారు. లోనికి రమ్మని మేము పిలువలేదు. పిలిచినను రాడని వారన్నారు. మాదిగవాని గడప డక్కలివాడు త్రొక్కరాదని పూర్వపు కట్టడి. ఊరు మనలను అంటరానివారని వెలిగా ఉంచినది. మనము మనకంటె వెలిగా ఒకరిని ఉంచుకొన్నాము. దేవాలయపు గేటు దగ్గర కూడ ఆ కట్టడి నిలిచియుండుట మా కండ్లకు ఆ దినమున కనబడలేదు. మాకు కనబడినది ఆ చుట్టలోని పురాణము మాత్రమే.

"మేము క్రైస్తవులము. నీ కథతో మాకు పనిలేదు" అన్నాము.

అతడు కోపపడలేదు. "అయ్యగారూ, మీ ఇంటిపేరేంది?" అని అడిగినాడు. చెప్పినాము. "గట్లయితే మీరు మాకు పెట్టేటోళ్లే" అని, కిన్నెర తీగ ఒకసారి మీటి, గడగడ కొన్ని పేర్లు చెప్పినాడు. మా తాత పేరు, అతని తండ్రి పేరు, అతని తండ్రి పేరు, ఇంకను పైకి. ఎవరు ఏ ఊరి నుండి ఎందుకు కదలినదీ చెప్పబోయినాడు. మేము చేయి అడ్డముగా ఊపినాము.

"పురాణం ఇనకున్రి అయ్యగారూ, పేర్లన్న ఇనున్రి" అన్నాడు.

మేము లోనికి పోయినాము. మా సంఘపు ముసలమ్మ ఒకతె చేటెడు వడ్లు తెచ్చి గోడమీదుగా అతని జోలెలో పోయుట కిటికీలో నుండి చూచినాము. తరువాత ఆమెను పిలిచి మందలించినాము కూడ. "మా అత్త పెట్టేది అయ్యగారూ, నేను పెట్టిన" అని మాత్రము ఆమె అన్నది. మరుసటి యేడు అతడు రాలేదు. రాకపోవుట మా ఉపదేశ ఫలమని అప్పుడు మేము సంతోషించిన మాట దాచిపెట్టము.

రిజిస్టరులోని అడ్డగీతను చూచిన దినమున ఆ ముసలివాని గొంతు జ్ఞాపకము వచ్చినది. ఆ గీత క్రింద ఉండవలసిన పేరును మేము ఒకసారి చెవులార విన్నాము. విని, వ్రాసికొనలేదు.

వెదకుచు పోయినాము. ముసలివాడు లేడు. కొడుకు కరీంనగరులో సెంట్రింగు పని చేయుచున్నాడు. కిన్నెర బుర్ర పగిలినదట. పటము ఎవరో కొనువారు వచ్చినప్పుడు ఇచ్చివేసినారట. అది ఏదో ఒక ఇంట అద్దము వెనుక భద్రముగానే ఉండవచ్చును. కాని పటములో బొమ్మలుండును గాని మా ఇంటి పేర్లుండవు. అవి చెప్పువాని నాలుకపై ఉండేవి. ఈ విషయము ప్రదర్శనశాలలవారికి ఎట్లు చెప్పవలెనో మాకు తెలియుటలేదు. గుడ్డను కొనవచ్చును, తీగను కొనవచ్చును, వాటిని పట్టుకొని ఒక ఇంటి ముందర నిలుచుండు హక్కును ఎవరు కొందురు?

కొడుకును పనిచోటి నుండి వెంటబెట్టుకొని మా ఇంటికి తీసికొని వచ్చినాము. గడప దగ్గర ఆగినాడు. చేయి పట్టుకొని లోనికి తెచ్చి కుర్చీలో కూర్చుండబెట్టినాము. మా ఇల్లాలు అన్నము పెట్టినది. సిమెంటు అంటిన చేతులు కడుగుకొని, తిని, చాలసేపు మాటలాడక కూర్చున్నాడు. తరువాత కండ్లు మూసికొని, తండ్రి చెప్పిన వరుసను నోటిలో నోటిలో అనుకొనుచు, రెండు పేర్లు పైకి చెప్పినాడు. మూడవది చెప్పబోయి ఆగినాడు. మరల మొదటినుండి అందుకొన్నాడు. మరల అక్కడనే ఆగినాడు. "బాపు కిన్నెర కొడ్తుంటె అస్తుండె అయ్యగారూ, ఉత్తగ అంటె అస్తలేదు" అన్నాడు.

పోవునప్పుడు మేము కొంత డబ్బు చేతిలో పెట్టినాము. లెక్కపెట్టలేదు. "ఇది దానమా అయ్యగారూ, మిరాసా?" అని అడిగినాడు.

మిరాసియే అన్నాము. నడుమునకు చుట్టిన తుండులో దాచుకొన్నాడు.

రిజిస్టరులో అడ్డగీతను చెరుపలేదు. దాని ప్రక్కన సందు చాలనందున, వెనుకనున్న తెల్ల కాగితముపై ఆ రెండు పేర్లు వ్రాసి, క్రింద ఒక వరుస ఖాళీ విడిచినాము. తక్కిన పదునారు గీతల వారి వంశస్థులు మన సంఘములలోనే ఉన్నారు; తమ ఇంటికి పూర్వము ఎవరు వచ్చేవారో, ఏ ఊరి నుండి వచ్చేవారో ముసలివారిని అడిగి మాకు తెలుపవలెనని కోరుచున్నాము. ఆ మూడవ పేరు అతని మేనత్తకు తెలిసి ఉండవచ్చునట. ఆమె మెట్‌పల్లి వైపు ఒక పల్లెలో ఉన్నదని చెప్పినాడు. పంటలు ఇండ్లకు వచ్చిన తరువాత, చేటెడు వడ్లు పట్టుకొని, అతనితో కలిసి పోవలెనని ఉన్నది.